సిబ్బి మళ్ళీ దిగింది

ఆదివారం పొద్దున మా పెదకాకానిలో మల్లేశ్వరస్వామి గుడి వైపు నడిస్తే కొత్త బియ్యం, పెసరపప్పు, బెల్లం కలిసి ఉడికే వాసన వస్తుంది. మధ్యాహ్నానికి ఇళ్ళల్లో పలావు ఘుమాయిస్తుంది. పొంగలికి మెతుకు మెతుకుని అంటుకోవాలి. పలావులో ఏ మెతుక్కి ఆ మెతుకు విడిగా నిలబడాలి. అందుకే దానికి కొత్త బియ్యం, దీనికి కనీసం ఏడాది పాతబడ్డ బాస్మతి.

మా ఇంట్లో మొదటిసారి బాస్మతి వండింది అమ్మ. ఎప్పుడూ వండే బీపీటీ బియ్యానికి పోసినట్టే గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు పోసి, కుక్కర్లో మూడు కూతలు రానిచ్చింది. మూత తీస్తే ముద్ద. అమ్మ మొహం చిన్నబోయింది. నాయనమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "బియ్యం మంచివేనే అమ్మాయ్, వార్చి ఉంటే నిలిచేవి" అంది.

ఆ మాట పట్టుకునే నేను వంట నేర్చుకున్నాను. నాయనమ్మ కాలంలో రోజూ గిన్నె మీద చిల్లుల సిబ్బి మూసి, గంజి వంచి అన్నం వార్చేవాళ్ళు. నీళ్ళు సరిపడా పోసి ఇగిరిపోనిచ్చే అత్తెసరు ఎప్పుడో తొందరపనికి. కుక్కర్ వచ్చాక అందరిదీ అత్తెసరే అయింది, చేతులు వార్పు మరిచిపోయాయి. పలావులాగే మెతుకు విడిగా నిలబడాల్సిన బిర్యానీ పనితనమంతా ఆ వార్పులోనే ఉంది.

బియ్యాన్ని పిసక్కుండా కడిగి అరగంట నానబెట్టాలి. తడి లోపలిదాకా చేరితే గింజ విరక్కుండా సాగుతుంది. బాస్మతి గొప్పతనం ఈ సాగడమే. లావెక్కడం తక్కువ, పొడుగు పెరగడం ఎక్కువ. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 2003లో విడుదల చేసిన పూసా 1121 గింజ సుమారు 8 మిల్లీమీటర్లుంటుంది, ఉడికితే 20 దాకా సాగుతుంది. ఎసరు ధారాళంగా ఉండాలి. షాజీరా, బిర్యానీ ఆకు, ఉప్పు వేసి, తెర్లుతున్నప్పుడే బియ్యం పొయ్యాలి. ఇక గరిటె తిప్పకూడదు. మెతుకుని వేళ్ళ మధ్య నొక్కితే నడుమ సన్నటి పలుకు తగలాలి. వార్చాల్సింది అప్పుడే, నిమిషం ఆలస్యమైనా మెత్తబడుతుంది. మిగతా ఉడుకు దమ్ములో, మూత కింది ఆవిరికే వదిలెయ్యాలి.

బాస్మతి మన నేల పంట కాదు. గింజ పాలుపోసుకునే వేళ చల్లటి రాత్రులుంటేనే దానికి ఆ వాసన నిలుస్తుంది. హిమాలయాల దిగువ ప్రాంతానికే ఆ పేరు చెందుతుందని 2016లో భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. మన బాపట్ల 1986లో ఇచ్చిన బీపీటీ 5204 సన్నగా, రుచిగా ఉంటుంది గానీ దానికి ఆ పరిమళం లేదు. వాసన కావాలంటే మనకి చిట్టిముత్యాలున్నాయి. గింజ పొట్టి, అయినా వాటితో చేసిన పలావు బాస్మతికి ఏ మాత్రం తీసిపోదని నా గట్టి నమ్మకం.

ఈ ఆదివారం బిర్యానీ వండుతుంటే కుక్కర్ని పక్కన పెట్టి, ఒక్కసారి వార్చి చూడండి. అటక మీద పడి ఉన్న నాయనమ్మ సిబ్బి ఇప్పుడు మా పొయ్యి పక్కనే ఉంటోంది.