అతుకు దగ్గర తెలిసే పని

కొత్తకోట మగ్గాలున్న ఊరు. గద్వాల తరహా చీర ఇక్కడా నేస్తారు. ఆ చీర గుణం తెలిసినవాళ్లు ముందు జరీని చూడరు, నూలు చీరకు పట్టు అంచు కలిసిన చోట వేలు పెట్టి చూస్తారు. పోగు పోగుకూ మెలిక వేసి కలిపిన కుప్పడం అది. లాగితే విడిపోకూడదు, తడిపితే ముడుచుకోకూడదు. ఇంటి మీది సోలారుతో వాకిట్లో కారు ఛార్జి చేసుకునే ఏర్పాటు చూసినప్పుడల్లా నాకు ఆ అతుకే గుర్తొస్తుంది. ఎండ నుంచి వచ్చేది డీసీ, ఇంట్లో తిరిగేది ఏసీ, కారు బ్యాటరీలో నిలిచేది మళ్లీ డీసీ. పనంతా కలిపే చోటే ఉంది. మనమేమో ప్యానెళ్ల కంపెనీ పేరు అడిగి ఊరుకుంటాం.

పని తెలిసిన ఫిట్టరు మిద్దె ఎక్కగానే టేపు తీయడు, నీడ వెతుకుతాడు. నీళ్ల ట్యాంకు, మెట్లగది, పక్కింటి వేపచెట్టు. ప్యానెళ్లను పూసలదండలా ఒకే తీగకు గుచ్చుతారు కాబట్టి ఒకదాని మీద నీడ పడితే వరుసంతా మందగిస్తుంది. పైగా చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి పిట్టగోడ నీడ కూడా సాగుతుంది. మే నెలలో చూసి బిగించినవాడు డిసెంబరులో దొరికిపోతాడు. మన ప్రాంతంలో ముఖం దక్షిణానికి, వాలు 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే సరిపోతుంది.

స్లాబుకు తూటు వేసి బోల్టు దింపడం పది నిమిషాల పని. దాని ఫలితం రెండో వానాకాలంలో గది కప్పు మీద చెమ్మగా కనిపిస్తుంది. ఓపికున్నవాడు కాంక్రీటు దిమ్మెలు పోసి, వాటిలో స్టాండు కాళ్లు నిలబెట్టి, ప్యానెళ్ల కింద గాలి ఆడేంత ఎత్తు ఇస్తాడు. ఆ గాలికి లెక్క ఉంది. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ దాని శక్తి 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది. మన వేసవిలో దాని ఒళ్లు 60 డిగ్రీలు దాటగలదు. ఎండ ముదిరితే కరెంటు పెరుగుతుందని అనుకుంటాం గానీ దానికి కావలసింది వెలుతురు, వేడి కాదు.

అన్నిటికన్నా నాకు ముచ్చటేసేది ఎవరూ చూడని ఎర్తింగ్. పిడుగు కడ్డీకి ఒకటి, డీసీకి ఒకటి, ఏసీకి ఒకటి, మూడు గుంతలు వేరువేరుగా తీయాలి. ఈ మెట్ట నేలల్లో చాలాచోట్ల కాస్త ఎర్రమట్టి తవ్వగానే రాయి ఖంగుమంటుంది. అక్కడే ఆపి, కడ్డీ విరిచి, మట్టి కప్పేసినవాడిని పట్టుకోవడం కష్టం. మంచివాడు జాగా మారుస్తాడు, లేదంటే రెండు కడ్డీలు కలిపి, తేమ నిలిపే బెంటొనైట్ పోసి, మీటరు పెట్టి చూస్తాడు. ఇందులో కారుకూ వాటా ఉంది. ఎర్త్ బాగాలేకపోతే చాలా ఛార్జర్లు ఎర్రలైటు చూపించి మొరాయిస్తాయి.

ఇక బ్యాటరీ. 3 కిలోవాట్ల ప్యానెళ్లు సగటున రోజుకు 12 యూనిట్లిస్తాయి. రోజూ 40 కిలోమీటర్లు తిరిగే కారుకు సుమారు 6 యూనిట్లు చాలు. పగలు కారు ఇంట్లో ఉంటే నేరుగా ఎండతోనే నింపుకోవచ్చు. బడికో ఆఫీసుకో పోతే, నెట్ మీటరింగ్‌తో పగలు గ్రిడ్‌కు ఇచ్చింది రాత్రి తీసుకోవచ్చు. మరి 5 యూనిట్ల ఇంటి బ్యాటరీ ఎందుకు? కరెంటు పోయినప్పటి కోసం. లైను పోగానే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు మిట్టమధ్యాహ్నమైనా ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన కట్టడి అది. హైబ్రిడ్ ఇన్వర్టరు అయితే ఇంటిని లైను నుంచి విడదీసి, ఫ్యాన్లూ ఫ్రిజ్జూ నడుపుతుంది. ఆ బ్యాటరీతో నెక్సాన్ ఈవీలోని 45 యూనిట్ల బ్యాటరీ నింపాలనుకుంటే మాత్రం చెంబుతో బావి నింపడమే. దారిలో మార్పిడుల వల్ల పోయే కరెంటు వేరే. "కారు కోసమైతే ఇంత పెద్ద బ్యాటరీ మీకొద్దు" అని తన బేరం తానే తగ్గించుకునే ఫిట్టరు దొరికితే వదలకండి.

ఈ పని మనకు కొత్తేమీ కాదు. కొత్తకోట ఉన్న పాత పాలమూరు జిల్లాలోనే, వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో 2025 నాటికి 480 ఇళ్ల మీద తలా 3 కిలోవాట్ల ప్యానెళ్లు బిగించారు. కేంద్రం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు ఇచ్చే సబ్సిడీ 78,000 రూపాయలు. అయితే సబ్సిడీ ప్యానెళ్లకే గానీ, కారు దగ్గరి సాకెట్టుకు కాదు. చివరి అతుకు అదే, చాలామంది చిన్నచూపు చూసేదీ అదే. గీజరు సాకెట్టే కారుకూ చాలనుకుంటారు గానీ, గీజరు ఇరవై నిమిషాలు నడిచి ఆగుతుంది. 3.3 కిలోవాట్ల కారు ఛార్జరు రాత్రంతా ఆపకుండా 15 ఆంపియర్ల దాకా లాగుతుంది. పాత వైరూ వదులైన స్క్రూలూ అంతసేపు తట్టుకోలేవు. దానికి బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సొంత ఎంసీబీ, షాకు తగలకుండా ఆర్‌సీసీబీ ఉండాలి.

ఫిట్టరుకు మిగతా డబ్బు ఇచ్చేముందు కారును రెండు గంటలు ఛార్జింగ్‌లో పెట్టి, ప్లగ్గు మీద చెయ్యి ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఇచ్చేయండి. చెయ్యి నిలవకపోతే స్విచ్ ఆపి, మళ్లీ బిగించమనండి.