నోబిల్ జీవితచరిత్రము: విమర్శనము

బందరు పాఠశాలా స్థాపకుఁడగు రాబర్టు నోబిల్ చరిత్రమును ఆతని సోదరుఁడు జాన్ నోబిల్ 1867లో నాంగ్లమునఁ బ్రకటించెను. 1841లో బందరు చేరినది మొదలు 1865లో నచ్చటనే గతించువఱకు స్వదేశమునకు మరలని యాచార్యుని దీక్ష యిందుఁ జక్కఁగ వెల్లడియైనది. కాని తెలుఁగు క్రైస్తవబోధకుఁ డెట్లు రూపొందెనో తెలియఁగోరువారి కీ గ్రంథము చాలదు. నోబిల్ తన బడిలో వర్ణభేదమును బాటించి, అగ్రవర్ణ విద్యార్థులపైనే యాస నిలిపెను. అచ్చటి శిష్యులు మంచాల రత్నము, ఐనాల భూషణము 1852లో బాప్తిస్మమొంది, పిదప గురుపట్టము నందిరి; ఆ యాస కొంత ఫలించినదనుట న్యాయమే. అయినను, ఆ బడిలోఁ జదువని మాలకులజుఁడు పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మమొంది, కృష్ణ కెగువను రాఘవాపుర ప్రాంతమునఁ దనవారికిఁ దానే బోధకుఁడయ్యెను. తరువాతి సంఘవృద్ధి కీ మార్గమే యెక్కువ తోడ్పడినది. గురువునే కేంద్రముగఁ గొన్న యీ చరిత్రమున దానికిఁ దగిన చోటు లేదు.