గడ్డకట్టిన పండుకు గాజు పూత

పండ్లను పుల్లకు గుచ్చి, ముదురు పాకంలో ముంచి, పూత పెళుసుగా ఆరాక తినే మిఠాయి టాంగ్‌హులూ. ఉత్తర చైనా చలిలో పుట్టింది. బీజింగ్, తియాన్‌జిన్ వీధుల్లో శీతకాలం రాగానే గడ్డిమోపుకు గుచ్చిన ఎర్రటి పుల్లలు అమ్మకానికి వస్తాయి. దానికి వాడే అసలు పండు షాంజా. పెద్ద రేగుపండంత ఉంటుంది, గుజ్జు గట్టిగా, నోరు జివ్వుమనేంత పుల్లగా ఉంటుంది. సోంగ్ వంశపు గ్వాంగ్‌జోంగ్ చక్రవర్తి (పాలన 1189–1194) అంతఃపురంలో ఒక రాణికి అన్నం సయించకపోతే, వైద్యుడు షాంజాను పంచదారతో ఉడికించి పెట్టమన్నాడని, ఈ మిఠాయికి అదే మూలమని అక్కడ కథగా చెప్పుకుంటారు.

ఈ తినుబండారం నిలబడింది పొడి చలిగాలి వల్ల. ఆ గాలిలో పాకం పూత రోజంతా పెళుసుగానే ఉంటుంది. అదే పుల్లను సింగపూర్ తెచ్చి వన్-నార్త్‌లో నిలబెడితే సంగతి వేరు. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ ఉత్తరాన ఉన్నందుకే ఆ పేటకు ఆ పేరు. సుమారు 200 హెక్టార్ల పరిశోధనా నగరం అది. ఏడాది పొడవునా పగలు 31, 32 డిగ్రీల ఎండ. గాలిలో తేమ సగటున 80 శాతం పైనే. అక్కడ బల్లమీద వదిలేసిన పూత కాసేపటికే చేతికి అంటుకుంటుంది, ఆపైన చుక్కలుగా కారుతుంది. ఈ చోట టాంగ్‌హులూ చేయాలంటే చలికాలాన్ని ఫ్రీజర్ నుంచి తెచ్చుకోవాలి. పండును ముందే గడ్డకట్టించి పూత వేసే పద్ధతి వేడి దేశాలకు అందుకే బాగా నప్పుతుంది.

పాకం సంగతి తెలుగు వంటింటికి కొత్త కాదు. తీగపాకం, అరిసెలకు పట్టే ఉండపాకం దాటి ముందుకు వెళ్లి, పల్లీ పట్టీకి పట్టే ముదురుపాకం దగ్గర ఆగాలి. థర్మామీటర్ ఉంటే 150 డిగ్రీల సెల్సియస్. లేకపోతే చన్నీళ్ల గిన్నెలో ఒక చుక్క వేసి, తీసి, పళ్లెం మీద పడేస్తే ఠంగుమనాలి. కొరికితే పంటికి అతుక్కోకుండా విరగాలి. అతుక్కుంటే ఇంకా నీరు ఉన్నట్టే. పంచదార రెండు పాళ్లు, నీరు ఒక పాలు పోసి మరిగిస్తే నీరు ఆవిరైపోతూ ఉష్ణోగ్రత పెరుగుతుంది. 150 దగ్గరికి వచ్చేసరికి గిన్నెలో ఉన్నది దాదాపు అంతా పంచదారే. దాన్ని ఒక్కసారిగా చల్లబరిస్తే అణువులకు వరుసగా పేరుకునే వ్యవధి దొరకదు. పలుకు కట్టకుండా గాజులా గట్టిపడుతుంది. అందుకే మరిగేటప్పుడు గరిటె పెట్టి కలపకూడదు; గిన్నె అంచుకు అంటిన పలుకులను తడి కుంచెతో తుడవాలి. ఒక్క పలుకు లోపల పడ్డా పాకమంతా తెల్లబడి మళ్లీ పంచదార అయిపోవచ్చు. 160 దాటితే రంగు మారి, మాడు వాసన మొదలవుతుంది.

పలుకు కట్టకుండా కొందరు నిమ్మరసం పిండుతారు. నాలుగైదు చుక్కలకు మించకూడదు. పులుపు పంచదారను విడగొడుతుంది. అలా విడిపోయిన చక్కెరలు గాలిలోని తేమను మరింత ఆత్రంగా పీల్చుకుంటాయి. బెల్లంలో అలాంటి చక్కెరలు ముందే ఉంటాయి కాబట్టి, దాని రుచి ఎంత గొప్పదైనా, సింగపూర్ గాలిలో బెల్లం పూత ఇంకా త్వరగా జిగురవుతుంది. ఈ పనికి తెల్ల పంచదారే మేలు.

పండు విషయంలో చూడాల్సింది తోలు. ద్రాక్ష అన్నింటికన్నా అనువు. పగలని స్ట్రాబెరీ, తొక్క తీసిన కమలా తొనలు తర్వాత. కోసిన మామిడి, పుచ్చకాయ ముక్కల నుంచి రసం ఊరుతూ ఉంటుంది, పూతను లోపలినుంచే కరిగిస్తుంది. ద్రాక్షను కడిగి, గుడ్డతో ఒత్తి, తొడిమ గుంటలోని తడి కూడా పోయేదాకా ఆరనివ్వాలి. తర్వాత ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పరచి, మూత పెట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచితే కొన్ని గంటల్లో గట్టిపడతాయి. ముందు పూత వేసి తర్వాత గడ్డకట్టించడం తేలికనిపిస్తుంది గాని, నీరు మంచుగా మారేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. లోపలి పండు పెరిగితే పైన గాజు పగులుతుంది.

ఇక అసలు మెలకువ ముంచడంలో ఉంది. ఫ్రీజర్ తలుపు తీసిన క్షణం నుంచి పండు మీద తేమ వాలడం మొదలవుతుంది. ఆ నూగు మంచు వేడి పాకంలో పడితే చిటపటమని ఆవిరవుతుంది, అక్కడ పూత పట్టదు. కాబట్టి ఒక్కసారి నాలుగైదు పండ్లే బయటికి తీసి, పొడిగుడ్డతో తుడిచి, గిన్నెను వంచి పాకంలో ఒక్క చుట్టు తిప్పి వెంటనే పైకి తీయాలి. అంతకన్నా ఆగితే చల్లటి పండు చుట్టూ పాకం పొరమీద పొర పట్టేస్తుంది. తీసిన పండును గిన్నె మీద ఒకసారి విదిలించి, నూనె రాసిన కాగితం మీద పెడితే కొన్ని సెకన్లలో బిగుసుకుంటుంది. 150 డిగ్రీల పాకం మరిగే నీటికన్నా ప్రమాదం. చర్మానికి అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. పక్కన చన్నీళ్ల గిన్నె తప్పనిసరి, పిల్లలు దూరంగా ఉండాలి.

తినేవేళ కూడా ముఖ్యమే. చల్లదనంలో నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. గడ్డకట్టిన ద్రాక్ష చప్పగా అనిపించడానికి ఒక కారణం అదే. పలుచటి పూత ఆ లోటు తీరుస్తుంది. మంచు పలుకులు పండు కణాలను చీల్చేసి ఉంటాయి కనుక, కరిగాక పండు మెత్తబడి నీరు వదులుతుంది. బయట గాజు, లోపల మంచు అన్న జోడీ పది నిమిషాల ముచ్చటే. చేసిన వెంటనే తినాలి.

ఇది నిజంగా తేలికైన తీపేనా? పూత మందాన్ని బట్టి ఉంటుంది. ముంచడానికి ముందు, తర్వాత పాకం గిన్నెను తూచితే తేడా తెలుస్తుంది. ఉదాహరణకు ఇరవై ద్రాక్షలకు 40 గ్రాముల పాకం పోయిందనుకుంటే పండుకు 2 గ్రాములు. ఐదు ద్రాక్షలు తింటే చేర్చిన పంచదార 10 గ్రాములు, అంటే 40 కేలరీలు. పండుతో కలిపి 60 లోపే. వంద గ్రాముల వెనిలా ఐస్‌క్రీమ్‌లో సుమారు 200 కేలరీలు, 11 గ్రాముల కొవ్వు ఉంటాయి. పోలిక పండుకే అనుకూలం. అయితే రోజుకు చేర్చిన చక్కెర 25 గ్రాములకు తగ్గితే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఐదు ద్రాక్షలతోనే అందులో ఐదింట రెండు వంతులు అయిపోతుంది. మందపాటి పూతతో రెండు పుల్లలు తింటే తేలిక అన్న మాటకు అర్థం లేదు. 2023లో దక్షిణ కొరియాలో టాంగ్‌హులూ దుకాణాలు వీధివీధికీ వెలిసినప్పుడు, పిల్లల పంచదార వాడకం మీద అక్కడి పార్లమెంటులోనే ప్రశ్నలు వచ్చాయి. సింగపూర్ ప్రభుత్వం 2016లో మధుమేహంపై యుద్ధం ప్రకటించింది, 2022 డిసెంబరు నుంచి ప్యాకెట్ పానీయాలకు చక్కెర, సంతృప్త కొవ్వును బట్టి అక్షరాల గ్రేడు పెట్టింది. అక్కడ నివసించే తెలుగు కుటుంబాలకు భోజనం తర్వాత మనిషికి నాలుగైదు ద్రాక్షలన్న లెక్కే సరైనది.

పొయ్యి వద్దనుకునేవారికి మరో దారి ఉంది. తడి ద్రాక్షను పులుపు కలిసిన జెల్లీ పొడిలో దొర్లించి ఫ్రీజర్‌లో పెడతారు. పూత గాజులా పలకదు, ఇసుకలా కరకరలాడుతుంది. పట్టే పొడి మాత్రం తక్కువే. ఏ పద్ధతైనా ఐదేళ్లలోపు పిల్లలకు గడ్డకట్టిన ద్రాక్షను పూర్తి కాయగా ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడుతుంది. నిలువునా నాలుగు ముక్కలు చేసి, కాస్త మెత్తబడ్డాక, పూత లేకుండా పెట్టాలి. పళ్లు సున్నితమైన పెద్దలూ మంచు కాస్త వదిలాకే కొరకడం మంచిది.

గిన్నెలో మిగిలిన పాకం రాయిలా బిగుస్తుంది. పారబోయనక్కర్లేదు. నీళ్లు పోసి మళ్లీ మరిగిస్తే కరిగి, నిమ్మకాయ షర్బత్‌కు పనికొస్తుంది.