ఎడమ తలుపు, కుడి తలుపు

మా అంబాసిడర్ ఎడమ తలుపుకు రిమూవర్ పూశాం, కుడి తలుపును ఇసుక కొట్టించడానికి పంపాం. 1977 నాటి మార్క్ 3 బండి. రెండు తలుపులూ ఒకే ఎండకు ఎండి, ఒకే వానకు తడిసినవి కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుందనుకున్నాను. బెజవాడ ఆటోనగర్‌లో మా టింకరింగ్ మేస్త్రీ మాత్రం ముందే తీర్పు చెప్పేశాడు. "ఇసుకైతే కాసేపట్లో అయిపోద్ది సార్. మందు పూస్తే రెండు రోజులు దాని ముందు కూర్చోవాలి."

టైము విషయంలో ఆయన మాటే నిజమైంది. కానీ ఆ రెండు రోజులూ నేను కూర్చున్నాను, కూర్చున్నందుకు దక్కింది కూడా.

పాత రిమూవర్లలో పనిచేసే సరుకు మిథైలీన్ క్లోరైడ్. అది 40 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. మన మే నెల ఎండలో పెట్టిన రేకు అంతకంటే ఎక్కువే కాలుతుంది. అంటే పట్టపగలు పూస్తే మందు రంగులోకి దిగేలోపే గాల్లో కలిసిపోతుంది. అందుకని తెల్లారకముందే పూసి, పైన పాలిథిన్ పట్టా కప్పాం. కాసేపటికి పట్టా కింద తెల్ల రంగు నూనెలో వేసిన అప్పడంలా ముడతలు పడి లేచింది. లప్పం రేకుతో నెట్టితే చుట్టలు చుట్టుకుని ఊడొచ్చింది. దాని కింద మీగడ రంగు. మళ్లీ పూత. ఈసారి లేత నీలం, దాని కింద ప్రైమర్. పుట్టినప్పటి నుంచీ తెల్లదే అని మా ఇంట్లో అందరూ నమ్మిన బండి నీలిరంగు బండి అని అలా తెలిసింది.

హ్యాండిల్ కింద అరచేయంత మేర లప్పం మాత్రం మొండికేసింది. కాస్త మెత్తబడిందే తప్ప ఊడలేదు. 80 నంబరు పేపరుతో రుద్ది తీస్తే లోపల సొట్ట అలాగే ఉంది. ఎప్పుడో ఎవరో సుత్తి పట్టుకునే ఓపిక లేక లప్పంతో పూడ్చేశాడు. "రంగు తీయడమంటే పాత మేస్త్రీ దొంగతనం పట్టుకోవడమే సార్" అన్నాడు మావాడు. ఆయన పూడ్చినవి ఎవరు పట్టుకుంటారో అడగలేదు.

కుడి తలుపు ఆ సాయంత్రమే తిరిగొచ్చింది. తెలుపు, మీగడ, నీలం అన్నీ ఒక్క దెబ్బకు పోయాయి. రేకు సిమెంటు రంగులో మెరుపు లేకుండా ఉంది. దీన్ని తక్కువ చేయడానికి లేదు. రిమూవర్ రంగును తీస్తుంది గానీ తుప్పును తాకదు. ఇసుక తుప్పు గుంటల్లోకి దిగి ఊడ్చేస్తుంది. తలుపు అడుగు అంచున జల్లెడలా చిల్లులు తేలాయి. ఎడమ తలుపు అడుగున అదే చోట నల్లటి మచ్చలు చూసి సర్దుకుపోయేవాళ్లం. రంగు చరిత్ర మందు చెప్పింది, రేకు ఆరోగ్యం ఇసుక చెప్పింది.

అయితే కుడి తలుపు మధ్యలో పొంగింది. స్టీలు స్కేలు ఆనిస్తే రెండు కొసల కిందా వెలుతురు కనిపించింది. బొటనవేలితో నొక్కితే బిస్కెట్ డబ్బా మూతలా టక్కుమని లోపలికి పోయి, వదలగానే పైకొచ్చింది. ఇది వేడి వల్ల అని చాలామంది అంటారు. అసలు దోషం దెబ్బలది. ఒక్కో ఇసుక రేణువూ ఒక బుల్లి సుత్తి. అలాంటివి లెక్కలేనన్ని ఒకే వైపు కొడితే ఆ వైపు పొర సాగుతుంది, రేకు అటు ఉబ్బుతుంది. ఒత్తిడి తగ్గించి, గొట్టం ఏటవాలుగా పట్టి, ఒకచోట ఆపకుండా కొడితే నష్టం తగ్గేది. మాకు పనిచేసినవాడికి ఆ ఓపిక లేదు.

సోడాతో కొట్టే పద్ధతీ ఉంది. 1980లలో న్యూయార్క్ లిబర్టీ విగ్రహం లోపలి తారును రాగి రేకు చెడకుండా వంట సోడాతోనే వదిలించారు. సోడా రేకును ఉబ్బించదు. కానీ తుప్పునూ పెద్దగా కదిలించదు, సరిగా కడగకపోతే కొత్త రంగునూ పట్టనివ్వదు.

ప్రాణాల సంగతికొస్తే రెండూ రెండే. మిథైలీన్ క్లోరైడ్ ఆవిరి ఒంట్లోకి వెళ్తే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఇంట్లో వాడుకునే రిమూవర్లలో దాన్ని అమెరికా 2019లో నిషేధించింది. ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. బ్లాస్టింగ్‌కు ఇసుక వాడకూడదని బ్రిటన్ 1949లోనే నిబంధన పెట్టింది. మా కుడి తలుపుకు ఇసుక కొట్టిన కుర్రాడు ముక్కుకు తువ్వాలు చుట్టుకున్నాడు, అంతే. పాత రంగులో సీసం ఉండే అవకాశమూ ఉంది కాబట్టి పొడి పేపరు రుద్దడమూ క్షేమం కాదు. నీళ్లతో వాటర్ పేపరే నయం.

చివరికి బానెట్, టాపు, డిక్కీ మూత, మిగిలిన తలుపులు మందుకే ఇచ్చాను. చక్రాలు, సస్పెన్షన్ చేతులు, బండి అడుగు భాగం ఇసుకకు. మందు పూసిన చోట మడత అంచుల్ని రెండుసార్లు కడిగించాను. అక్కడ మిగిలిన మందు కొత్త రంగును కిందనుంచి బుడగలుగా లేపుతుంది. ఇసుక కొట్టిన వాటికి చీకటి పడేలోపే ప్రైమర్ వేయించాను. మన గాలికి వట్టి రేకు తెల్లారేసరికి ఎర్రబడుతుంది.

ఎడమ తలుపు లోపలి అంచున, కీలు పక్కన, రూపాయి బిళ్లంత చోటు మందు తగలకుండా వదిలేశాను. అక్కడ మాత్రం వాటర్ పేపరుతో మెల్లగా రుద్దితే తెలుపు, మీగడ, నీలం వలయాలుగా తేలాయి. రంగు కలిపేవాడు వచ్చినప్పుడు తలుపు తెరిచి ఆ నీలం చూపించాను. కుడి తలుపు తెరిచి చూపించడానికి ఏమీ లేదు. మూస్తుంటే మాత్రం అద్దం గాడిలోంచి ఇప్పటికీ ఇసుక రాలుతోంది.