రెండు బొమ్మల రూపాయి

పదిహేనేళ్ల కిందట ఒక నాణేల ప్రదర్శనలో రూపాయి బిళ్ల ఒకటి కొన్నాను. అటు తిప్పినా ఇటు తిప్పినా సింహాల బొమ్మే, బొరుసు లేదు. "మింటులో జరిగిన పొరపాటు సార్, మళ్లీ దొరకదు" అన్నాడు అమ్మినాయన. రెండు వేలు పోశాను. ఇంటికొచ్చి అన్నయ్యకు చూపిస్తే, "ఓరి నీ ఇల్లు బంగారం కానూ, ఇది షోలే సినిమాలో జై ఎగరేసే బిళ్లరా" అని పగలబడి నవ్వాడు.

అన్నయ్యే రైటు. మింటులో పై అచ్చు వేరు, కింది అచ్చు వేరు. రెండు చోట్లా బొమ్మ అచ్చే బిగుసుకోవడం అరుదులోకెల్లా అరుదు. నా రూపాయి లేత్ మిషను మీద పుట్టింది. ఒక బిళ్లకు అంచు మాత్రం వదిలి లోపల పళ్లెంలా తొలుస్తారు. ఇంకో బిళ్లను చుట్టూ అరగదీసి, పలచన చేసి అందులో కూర్చోబెడతారు. అతుకు అంచు లోపలి గీతలో దాక్కుంటుంది. కంటికి ఆనదు గానీ చెవికి దొరికిపోతుంది. గచ్చు మీద పడేస్తే ఖంగున మోగదు, టప్పుమంటుంది. 1992లో మొదలైన స్టీలు రూపాయి తూకం 4.85 గ్రాములు. నాది ఆ లెక్కకు రాలేదు.

మొదట సిగ్గుపడ్డాను. తర్వాత ఆ అతుకు వెతుకుతూ గంటలు గడిపాను. వెంట్రుకంత సందు లేకుండా కూర్చిన ఆ పనివాడెవరో గానీ, చెయ్యి తిరిగినవాడు. అప్పటినుంచి ఇలాంటివే పోగేస్తున్నాను.

మింటు గడప దాటాక ఉలో ఆకురాయో తగిలిన బిళ్లను మా సేకర్తలు చాలామంది 'పాడైనది' అని పక్కన పెడతారు. అమెరికాలో 1913 నుంచి 1938 దాకా వచ్చిన అడవిదున్న బొమ్మ నికెల్ బిళ్లను ఊరూరా తిరిగే కూలీలు చెక్కి, అందులోని మనిషి ముఖానికి టోపీ, గడ్డం పెట్టేవారు. ఆ 'హోబో నికెల్స్' కోసం ఇప్పుడు అక్కడ ప్రత్యేకంగా ఒక సంఘమే ఉంది. అంతదూరం దేనికి? మా నాయనమ్మ కాసులపేరులో ప్రతి సవరనుకూ కంసాలి ఉంగరం అతికాడు. నాణేల లెక్కలో అవన్నీ పాడైనవే. ఆ మాట నాయనమ్మతో అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

మన 2011 నాణేల చట్టం బిళ్లను కరిగించకూడదు, ధ్వంసం చేయకూడదు అంటుంది. అందుకే నేను ఆకురాయి పట్టను, పట్టమని ఎవరికీ చెప్పను. పాతవి దొరికితే దాస్తాను. ఆ రూపాయి పెట్టె మీద "రెండు బిళ్లలు, ఒక అతుకు" అని రాసుకున్నాను. అమ్మినాయన ఆ ముక్కే చెప్పి ఉంటే, ఆ రెండు వేలూ సంతోషంగా ఇచ్చేవాణ్ణి. మీకు ఎవరైనా రెండు బొమ్మల బిళ్ల చూపించి మింటు పొరపాటంటే, జేబులో చెయ్యి పెట్టేముందు ఒకసారి గచ్చు మీద మోగించి వినండి.