పడనివాటి పేర్లు

'నాకది పడదు' అంటాం. వంకాయ పడదు, ఆ మందు పడలేదు, కొత్త ఊరి నీళ్లు పడలేదు. ఈ వాక్యంలో కర్త ఆ వస్తువే. మనిషి దాని ఫలితం అనుభవించేది మాత్రమే. తప్పెవరిదో తేల్చకుండా, రెండింటికీ పొసగలేదన్న సంగతి మాత్రం చెప్పే మాట ఇది. అత్తాకోడళ్లకి పడటంలేదు అన్నప్పుడూ ఇదే మాట. ఆస్పత్రి గడప దాటగానే ఈ వాక్యం తలకిందులవుతుంది. 'ఈమెది సెన్సిటివ్ స్కిన్' అని చీటీ మీద రాస్తారు. ఇప్పుడు లోపం వస్తువులో లేదు, చర్మంలో ఉంది. ఆ చర్మం ఆమెది.

సాహిత్యం పాఠం చెప్పుకునే నేను కొంతకాలంగా చర్మవైద్య గ్రంథాలు, వైద్య పత్రికల్లో వచ్చే రోగుల కథనాలు చదువుతున్నాను. కారణం సొంతమే. చెవి తమ్మెలు, మెడ, మణికట్టు దురదపెట్టి, రసి కారి, చివరికి ప్యాచ్ టెస్ట్ దాకా వెళ్లాను. చదవడం మొదలుపెట్టాక నన్ను నిలబెట్టేసింది మాత్రం జబ్బు కాదు, జబ్బుల పేర్లు. కుంకుమ డెర్మటైటిస్. బిందీ ల్యూకోడెర్మా. గృహిణుల ఎగ్జిమా. కథల్నీ కవితల్నీ ఏ ప్రశ్నలతో చదువుతామో ఈ పేర్లనూ అవే ప్రశ్నలతో చదవాలనిపించింది. ఇక్కడ ఎవరు చెప్తున్నారు? ఎవరి గురించి? దేన్ని చెప్పకుండా దాటేస్తున్నారు?

మొదటి రెండు పేర్లలో కనీసం వస్తువు కనిపిస్తోంది. మూడోదానిలో వస్తువూ లేదు, పనీ లేదు. మనిషే జబ్బుకి చిరునామా. సిమెంటు పనిచేసే మేస్త్రీ చేతులు పగిలితే అది సిమెంటు డెర్మటైటిస్, వృత్తి వ్యాధి. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టానికి జతచేసిన వృత్తి వ్యాధుల జాబితాలో క్రోమియం వల్ల వచ్చే జబ్బులకు చోటు దొరికింది. ఆచరణలో ఆ చోటు కూడా హాజరుపట్టీలో పేరున్నవాళ్లకే. అదే సిమెంటు తట్ట మోసే కూలీ స్త్రీ పేరు ఎన్ని పట్టీల్లో ఉంటుంది? ఇక సబ్బునీళ్లలో రోజుకి పదిసార్లు నానే చేతుల సంగతి సరేసరి. ఇంటి చాకిరీ వృత్తి కాదు కాబట్టి దానివల్ల వచ్చింది వృత్తి వ్యాధి కాదు, 'గృహిణి' వ్యాధి. నిజానికి ఇందులో చాలా భాగం అలర్జీ కూడా కాదు. సబ్బు, నీళ్లు, ఒరిపిడి కలిసి చర్మం పైపొరను అరగదీస్తాయి. అలా అరిగిన చర్మంలోంచి అలర్జీ కలిగించే పదార్థాలు సులువుగా లోపలికి పోతాయి. ముందు చాకిరీ, తర్వాత అలర్జీ. పేరులో మాత్రం రెండూ లేవు.

ఇంతకీ ఈ అలర్జీ ఎలా పనిచేస్తుంది? ఒక పదార్థం చర్మానికి తగిలి, రోగనిరోధక కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఆ గుర్తు దాదాపు జీవితాంతం ఉంటుంది. మళ్లీ తగిలినప్పుడు వెంటనే కాదు, ఒకటి రెండు రోజులకు చర్మం ఎర్రబడి పొక్కుతుంది. అందుకే కారణం పట్టుకోవడం కష్టం. 'ఇరవై ఏళ్లుగా ఇదే వాడుతున్నానండీ, ఇప్పుడెందుకు పడదు?' అని అడిగిన స్త్రీకి 'మనసులో ఏదో పెట్టుకున్నావు' అన్న జవాబు రావడం మనకి కొత్త కాదు. శాస్త్రం మాత్రం ఆమె పక్షమే. ఏళ్ల తరబడి వాడిన వస్తువు మీద కూడా ఒకరోజు అలర్జీ మొదలవచ్చు.

ఈ ఆలస్యాన్నే ఆధారం చేసుకుని 1895లో యోసెఫ్ యాడసోన్ అనే జర్మన్ వైద్యుడు ప్యాచ్ టెస్ట్ ప్రవేశపెట్టాడు. పాదరసం మందు పడని రోగుల ఒంటిమీద కొద్దిమేర అదే పాదరసం పెట్టి, చర్మం ఏమంటుందో చూశాడు. ఇవాళ్టి పద్ధతీ మూలంలో అదే. చిన్న అల్యూమినియం గుంట బిళ్లల్లో, పెట్రోలియం జెల్లీలో కలిపిన పదార్థాలు పెట్టి వీపుకి అంటిస్తారు. నికెల్ సల్ఫేట్ అయితే 5 శాతం. 48 గంటలకి తీసి చదువుతారు, మూడో రోజో నాలుగో రోజో మళ్లీ చదువుతారు. 'చదవడం' అనే మాట వాళ్లదే. ఫలితాన్ని కూడిక గుర్తుల్లో రాస్తారు. నాకు నికెల్ దగ్గర రెండు గుర్తులు పడ్డాయి. చౌకరకం చెవిపోగులు, పిన్నీసులు, గడియారం బిళ్ల, అన్నింటికీ కలిపి ఒకటే పేరు.

ఈ పరీక్ష అంటే నాకు గౌరవం. ఊహించి ఊరుకోకుండా ఆ వస్తువునే పిలిచి నిలదీస్తుంది. కానీ వీపుకి అంటించే జాబితాలో ఏముండాలో తేల్చేది అంతకుముందు జరిగే సంభాషణ. వెల్లుల్లి సంగతే చూడండి. అందులోని డైఅల్లైల్ డైసల్ఫైడ్ పడనివాళ్లకి ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు పగులుతాయి. ఎందుకంటే కుడిచేత్తో కత్తి పట్టేవాళ్లు రెబ్బని పట్టుకునేది ఆ మూడు వేళ్లతోనే. ఆ మూడు వేళ్లు చూసి జబ్బు పోల్చాలంటే ఆమె రోజంతా ఏం చేస్తుందో తెలియాలి. డాక్టరు అడుగుతాడు, 'ఏం చేస్తుంటారు?' పక్కనున్న భర్త చెప్తాడు, 'ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది.' ఆ ఒక్క వాక్యంతో వెల్లుల్లీ, అంట్లసబ్బూ, బట్టలపొడీ, ఫినాయిలూ అన్నీ జాబితాలోంచి కొట్టుకుపోతాయి. ఇంటిపనిని పనిగా లెక్కించకపోవడం అన్యాయమని మనం ఎన్నో ఏళ్లుగా రాస్తున్నాం. ఇక్కడది అన్యాయం మాత్రమే కాదు, తప్పు రోగనిర్ధారణ కూడా.

పరీక్షకి ఇంకో షరతు ఉంది. బిళ్లలు తీసేదాకా వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, బరువు పని చెయ్యకూడదు. ఆస్పత్రికి కనీసం మూడుసార్లు రావాలి. నా పక్కన బల్లమీద కూర్చున్నామె నాలుగిళ్లలో పనిచేస్తుంది. చేతులు నాకంటే ఘోరంగా ఉన్నాయి. షరతులన్నీ విని, 'మూడుపూటలు నాగా పెడితే పనిలోంచే తీసేస్తారమ్మా' అని పూత మందు రాయించుకుని వెళ్లిపోయింది. ఈ పరీక్ష ఎవరి శరీరాన్ని ఊహించుకుని తయారైందో దానితో తెలుస్తుంది. రెండు రోజులు చెమట పట్టకుండా ఉండగలిగే శరీరాన్ని.

ఇక బొట్టు. స్టిక్కర్ జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీసి, నుదుట తెల్లమచ్చ మిగులుస్తుందని మన దేశపు వైద్యులే 1980లు, 1990లలో రాశారు. చెప్పుల తయారీలో వాడే జిగురు కూడా ఈ పదార్థం నుంచి వచ్చేదే. ఒక్కోసారి దురదా మంటా లేకుండానే రంగు పోతుంది. ఆ తెల్లమచ్చని చూసినవాళ్లు రసాయనాన్ని తలుచుకోరు, 'బొల్లి' అంటారు. పెళ్లికావాల్సిన పిల్ల అయితే ఆ మాటతో సంబంధాలు ఆగిపోతాయి. మచ్చ కనబడకుండా దానిమీద ఇంకాస్త పెద్ద స్టిక్కర్ పెట్టుకోమని సలహా ఇస్తారు. బొట్టు తీసెయ్యమని మాత్రం అనరు. బొట్టులేని నుదురుకి మన సమాజంలో ఉన్న అర్థం వేరు. 'బిందీ వాడకం మానాలి' అని వైద్య వ్యాసం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. ఆ వాక్యం అమలు కావాలంటే అత్తగారింట్లో ఎంత యుద్ధం జరగాలో దానికి తెలియదు. జిగురు తయారుచేసినవాడిని ఏం మానమనాలో అసలే చెప్పదు.

పేర్లు పెట్టడంలో మన భాష మాత్రం తక్కువ తిన్నదా? పార్థీనియం అనే కలుపుమొక్క 1950లలో పుణె దగ్గర కనబడి దేశమంతా అల్లుకుంది. గాలిలో తేలే దాని పొడి తగిలి ముఖం, మెడ, మోచేతి మడతలు చిల్లులు పడ్డట్టు పగిలిపోతాయి. పొలంలో పనిచేసేవాళ్లను ఎండలో నిలబడనివ్వదు. మనదేశపు ప్యాచ్ టెస్ట్ జాబితాలో దానికి స్థానముంది. తెలుగులో దానికి మనం పెట్టుకున్న పేరు వయ్యారిభామ. ముట్టుకుంటే ఒళ్లు పాడుచేసే అందగత్తె! పీకి పారెయ్యాల్సిన మొక్కకి ఆడపేరు, అరిగిపోయిన చేతులకి 'గృహిణి' పేరు. ఇంగ్లీషు వైద్యానికీ తెలుగు నానుడికీ ఇక్కడ మాత్రం బాగానే పడింది.

ఈ పేర్లన్నీ పనికిరావని నేను అనడంలేదు. కుంకుమ డెర్మటైటిస్ అన్న పేరు లేకపోతే, పసుపూ సున్నమూ కలిపి చేసే కుంకుమ స్థానంలోకి బజారు అజో రంగులు వచ్చిన సంగతి వైద్యుడికి తట్టకపోవచ్చు. ఆ పేరు పెట్టినవాళ్లు మన స్త్రీల నుదుటిని శ్రద్ధగా చూశారు. నా అభ్యంతరం పేరు అక్కడే ఆగిపోవడం మీద. కుంకుమ అన్నాక ఏ రంగు, ఎవరు కలిపారు, పొట్లం మీద ఎందుకు రాయలేదు అన్న ప్రశ్నలు రావాలి. తలరంగు పెట్టెమీద ముందుగా కొద్దిచోట రాసి చూసుకోమని చిన్న అక్షరాల్లో హెచ్చరిక ఉంటుంది. పరీక్ష బాధ్యతని కొన్న మనిషికి అప్పగించడమే అది.

వేరే దారి ఉందని నికెల్ చరిత్ర చెప్తోంది. నికెల్ అలర్జీ పురుషుల్లో కంటే స్త్రీలలో చాలా ఎక్కువ. స్త్రీల చర్మం సుకుమారం కాబట్టి అనుకుంటే పప్పులో కాలేసినట్టే. చెవులు కుట్టించుకునేదీ, చౌక నగలు పెట్టుకునేదీ ఎక్కువగా వాళ్లే కాబట్టి. డెన్మార్క్ 1990లో నగల్లోంచి చర్మానికి చేరే నికెల్‌కి చట్టంతో హద్దు పెట్టింది. 1994లో యూరోపియన్ యూనియన్ అదే బాట పట్టింది. తర్వాత చెవులు కుట్టించుకున్న తరం అమ్మాయిల్లో ఈ అలర్జీ తగ్గింది. అక్కడ ఎవరూ అమ్మాయిల చర్మాన్ని బాగుచెయ్యలేదు. లోహాన్ని బాగుచేశారు.

1991లో స్త్రీశక్తి సంఘటన 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు, మన శరీరం గురించి మన భాషలో మనమే మాట్లాడుకోవచ్చని తెలిసింది. ఆ సందేహాల్లో చేర్చాల్సినవి ఇంకా ఉన్నాయి. ఈ జిగురులో ఏముంది? ఈ పోగులో ఏ లోహం కలిసింది? డాక్టరుగారూ, నేనేం చేస్తానో నన్నే అడగండి, పొద్దున్నుంచి రాత్రిదాకా చెప్తాను, రాసుకోండి. చీటీమీద 'సెన్సిటివ్ స్కిన్' అని రాసేముందు దేనికి అన్న మాట కూడా రాయండి. ఒంటికి పడనిదాని పేరు తెలుసుకోవడం రోగి హక్కు. ఆ పేరు ఆమెది కాకూడదు.