చుక్క సత్తయ్య కథ చెప్పిన తీరు

2017 నవంబర్ 9న ఒగ్గుకథకు పెద్దదిక్కు చుక్క సత్తయ్య కన్నుమూశారు. అప్పటికి ఆయనకు ఎనభై రెండేళ్లు. జనగామ దగ్గర లింగాల ఘనపురం మండలంలోని మాణిక్యపురం ఆయన పుట్టిన ఊరు. నిజామాబాద్ జిల్లాలోని మా బాల్కొండకు అది దగ్గరేమీ కాదు. అయినా ఆ గొంతు మా వైపు పల్లెలకు కొత్త కాదు. రేడియోలో విన్నవాళ్లున్నారు, క్యాసెట్ అరిగేదాకా విన్నవాళ్లున్నారు. పసుపు ఉడకబెట్టే రాత్రుళ్లు పొయ్యి కాడ కూర్చొని విన్నవాళ్లున్నారు. బతుకుదెరువుకు దుబాయి, మస్కట్ పోయినవాళ్లు ఇప్పుడు ఫోన్లో వింటున్నారు. సత్తయ్య పోయారన్నప్పుడు వీళ్లంతా సొంత ఇంటి పెద్దను పోగొట్టుకున్నట్టే బాధపడ్డారు.

ఆ బాధ తీరాలంటే ఏం చేయాలన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. పాటగాడు పోతే పాటను తలుచుకుంటాం. కథగాడు పోతే తలుచుకోవాల్సింది గొంతు ఒక్కటే కాదు. ఆయన నిలబడిన మేళం ఉంది, వంత ఉంది, డోలు ఉంది, ముందు కూర్చున్న ఊరు ఉంది. సత్తయ్య గొప్పతనం ఏమిటో తెలియాలంటే ముందు ఒగ్గుకథ నడిచే తీరు తెలియాలి.

ఒగ్గు అంటే చేతిలో పట్టే చిన్న డమరుకం. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను గొల్ల కురుమల ఇళ్ల ముందు, గుళ్ల ముందు చెప్పే పూజారులే ఒగ్గువాళ్లు. పూజ వాళ్లదే, కథ వాళ్లదే, దేవుడి పెళ్లి చేసేదీ వాళ్లే. మేళంలో నలుగురైదుగురు ఉంటారు. ప్రధాన కథకుడు ఒకరు, పక్కన వంత, వెనక డోలు, తాళాలు, కంజిర. కొన్ని మేళాల్లో నపీర అనే ఊదే వాద్యం కూడా మోగుతుంది. కుర్రవాడు ముందు తాళం పట్టుకొని మేళంలో చేరతాడు. ఏళ్లు గడిచాక వంత అవుతాడు. వంతగా రాటుదేలాకే కథ చేతికొస్తుంది. పుస్తకం లేదు, కాగితం లేదు. గురువు పక్కన నిలబడి విన్నదే చదువు.

కథకుడి విద్యలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఊపిరి. రాత్రి అన్నం తిన్నాక మొదలైన కథ తెల్లవారుజాము దాకా సాగాలి. ఒక మనిషి గొంతు అంతసేపు నిలవాలంటే ఎక్కడో విశ్రాంతి దొరకాలి. ఆ విశ్రాంతి ఇచ్చేవాడు వంత. కథకుడు వచనం చెబుతూ చెబుతూ చివరి మాటను రాగంలోకి లాగుతాడు. ఆ రాగం తెగకముందే వంత దాన్ని అందుకుంటాడు. ఆ కొద్ది క్షణాల్లో కథకుడు గాలి పీల్చుకొని తర్వాతి మాట చూసుకుంటాడు. వినేవాడికి ఎక్కడా సందు కనిపించదు. రాజు ఏమన్నాడని వంత అడుగుతాడు, అవునా అంటాడు, కాదంటాడు, ఒక్కోసారి కథకుడినే నిలదీస్తాడు. జనం మనసులో ఉన్న ప్రశ్న వంత నోట్లోంచి వస్తుంది. అందుకే మంచి వంత లేని మేళంలో ఎంత గొప్ప గొంతైనా గంటలోపే అలసిపోతుంది.

ఇక రాత్రంతా కథను గుర్తుపెట్టుకోవడం ఎలా? కథకుడు మాట మాటనూ బట్టీ పట్టడు. పట్నాన్ని వర్ణించడం, గుర్రాన్ని సింగారించడం, ఆడబిడ్డను అత్తారింటికి సాగనంపడం, అడవిలో దారి తప్పడం, ఇలాంటి ఘట్టాలు అచ్చుల్లాగా ఆయన దగ్గర సిద్ధంగా ఉంటాయి. ఊరు ఉత్సాహంగా ఉంటే గుర్రం సింగారం అరగంట నడుస్తుంది. చలి ఎక్కువై జనం ముడుచుకుంటే నాలుగు మాటల్లో ముగుస్తుంది. యుగోస్లావియా పల్లెల్లో 1930ల్లో మిల్‌మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ అనే పండితులు చదువు రాని గాయకులను విని సరిగ్గా ఇదే పద్ధతిని గుర్తించారు. హోమర్ కావ్యాలు కూడా ఇలాగే పుట్టి ఉంటాయని వాదించి, సాహిత్య లోకాన్నే మలుపు తిప్పారు. మన దగ్గర ఆ విద్య ఇప్పటికీ మేళాల్లో బతికి ఉంది. విశ్వవిద్యాలయాల్లో దానికి దక్కాల్సినంత గౌరవం ఇంకా దక్కలేదు.

వేషం మార్చుకోకుండానే మనిషి మారిపోవడం ఇంకో విద్య. కథకుడి భుజం మీద ఒక తువ్వాల ఉంటుంది. తలకు చుట్టి మీసం మీద చెయ్యేస్తే రాజు. అదే తువ్వాల నెత్తి మీదుగా ముఖానికి జారితే కొత్త కోడలు. రెండు చేతుల మీద మడిచి పట్టుకుంటే పసిబిడ్డ. ఆ బిడ్డను ఊపుతూ కథకుడు జోలపాట ఎత్తుకుంటే ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. పాట అయిన మరుక్షణం తువ్వాల భుజం మీదికి పోతుంది, బిడ్డ మాయమవుతాడు, కథకుడు మళ్లీ కథకుడే. ఈ మార్పుకు రెండు అడుగులు, ఒక తిరుగుడు చాలు. కాళ్ల గజ్జెలు ఆ తిరుగుడుకు తాళం వేస్తాయి.

డోలు గురించి ఒక్క మాట. దాని మోత విని ఊరు కదులుతుంది, అది అందరికీ తెలుసు. దాని అసలు బలం ఆగడంలో ఉంది. దుఃఖం ఘట్టం రాగానే డోలు తగ్గి తగ్గి చివరకు తాళం ఒక్కటే మిగులుతుంది. ఆ ఖాళీలో కథకుడి గొంతు ఒంటరిగా నిలబడుతుంది. డోలు వాయించేవాడికి కథంతా తెలిసుంటే తప్ప ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియదు.

కథకు ముందో వెనకో పట్నం వేస్తారు. ఇక్కడ మా పసుపు కథలోకి వస్తుంది. పట్నం అంటే నేల మీద రంగు పొడులతో వేసే పెద్ద ముగ్గు. అదే మల్లన్న కొలువు, అదే పెళ్లి మండపం. ఒగ్గు పూజారి పిడికిట్లోకి పొడి తీసుకొని బొటనవేలు, చూపుడువేలు సందులోంచి జారవిడుస్తూ గీత గీస్తాడు. కొలబద్ద ఉండదు, గీత వంకర పోదు. తెలుపుకు పిండి, నలుపుకు బొగ్గు పొడి, ఆకుపచ్చకు ఎండిన ఆకుల పొడి. పసుపుపచ్చకు పసుపే. ఎరుపు కూడా పసుపులోంచే వస్తుంది. పసుపులో సున్నం కలిపి నలిపితే చూస్తుండగానే ఎర్రబడుతుంది. పాతకాలపు కుంకుమ పుట్టింది కూడా అలాగే. బాల్కొండ, ఆర్మూర్, వేల్పూర్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి పొలాల్లో తొమ్మిది నెలలు పెరిగి, తవ్వి, ఉడికి, ఎండి, కాడి (కొమ్ము), గోళ (దుంప) వేరుపడి నిజామాబాద్ యార్డుకు చేరే పంట ఇది. ఆ బస్తాల్లో పిడికెడు దేవుడి ముందు బండారి అవుతుంది, నొసటికి బొట్టవుతుంది, నేల మీద పట్నమవుతుంది. పసుపు తవ్వకాలు, మల్లన్న జాతర ఒకే కాలంలో వస్తాయి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లిలో జాతర సాగుతుంటే ఇక్కడ మా పొలాల్లో తవ్వకాలు సాగుతుంటాయి. శివరాత్రి అర్ధరాత్రి కొమురవెల్లిలో వేసే పెద్దపట్నాన్ని భక్తులు తొక్కి, ఆ పొడిని ఇంటికి తెచ్చుకుంటారు. అంత పనితనంతో వేసిన ముగ్గు తెల్లారేసరికి ఉండదు. మళ్లీ కావాలంటే మళ్లీ వేయాల్సిందే, వేసే చెయ్యి ఉండాల్సిందే.

సత్తయ్య ఈ పరంపరలోంచి వచ్చిన కురుమ బిడ్డ. చిన్ననాడే కథ పట్టుకున్నారు. ఆయన చేసిన పెద్ద పని ఒగ్గుకథను గుడి ముందు నుంచి లోకం ముందుకు నడిపించడం. కుల దేవతల కథలతో ఆగిపోకుండా పురాణ కథలను ఒగ్గు పద్ధతిలోకి తెచ్చారు. చదువు, ఆరోగ్యం లాంటి విషయాలను ఊళ్లకు చెప్పడానికి ఇదే కథను వాడారు. ఆకాశవాణిలో చెప్పారు, పట్టణాల రంగస్థలాల మీద చెప్పారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయనకు దక్కింది. ఇంత తిరిగినా ఆయన వచనంలోని పల్లె నుడి చెడలేదు. వేదిక కోసం భాషను సాపు చేసుకోని కళాకారులు అరుదు. నా దృష్టిలో ఆయనకు దక్కిన పురస్కారాలన్నిటికంటే ఇదే పెద్దది.

తెలంగాణలో కథ చెప్పేవాళ్లు ఒగ్గువాళ్లే కాదు. బుడగ జంగాల తంబుర కథ ఉంది. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, ఆయన భార్య కొమురమ్మ ఆ కథ చెప్పుకుంటూ ఊరూరా తిరిగారు. 2023లో వచ్చిన ‘బలగం’ సినిమా చివర వాళ్లు పాడిన పాటకు ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. గ్రామ పంచాయతీల ముందు తెర కట్టి సినిమా వేస్తే, ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు పక్కపక్కన కూర్చొని చూశారు. అది పోయిన పెద్దమనిషి కోసం పాడిన పాట. మా పల్లెల్లో ఇంటి పెద్ద పోతే దినాల రాత్రి కథ చెప్పించడం పాత ఆచారం. పోయినవాడి గుణాలు కథలో కలిపి చెబుతారు, కొడుకుల పేర్లు, కోడళ్ల పేర్లు పిలిచి చెబుతారు. లోపల దాచుకున్న ఏడుపు అప్పుడు బయటికి వస్తుంది. సినిమా ఆ ఆచారాన్నే చూపించింది. 2024 డిసెంబర్ 19న ఆ మొగిలయ్యే అనారోగ్యంతో కన్నుమూశారు. ఎందరి దుఃఖాన్నో తన గొంతుతో మోసిన మనిషి కోసం జనం అదే పాట పెట్టుకొని ఏడ్చారు.

అంతకు ముందు ఏడాది ఆగస్టు 6న ప్రజా గాయకుడు గద్దర్ పోయినప్పుడు హైదరాబాద్ ఎల్బీ స్టేడియం పాటలతో నిండిపోయింది. ఆయన గొంగడి, చేతికర్ర, కాళ్ల గజ్జెలు, పాటను అందుకునే కోరస్ ఎక్కడివి? ఒగ్గుకథ, బుర్రకథల నుంచి ఆయన బృందం జననాట్యమండలి తీసుకున్నవే. పాటగాడిని పాటతోనే సాగనంపడం మన దగ్గర ఎవరూ నేర్పకుండానే జరిగిపోయే పని.

సముద్రాల అవతల కూడా ఇలాంటి దుఃఖమే ఉంది. ఇటలీలో బాంకో డెల్ ముతువో సొకోర్సో అనే ప్రోగ్రెసివ్ రాక్ బృందానికి గొంతు ఫ్రాంచెస్కో డి జాకొమో. 2014 ఫిబ్రవరి 21న రోమ్ దగ్గర జగరోలోలో కారు ప్రమాదంలో ఆయన చనిపోతే అభిమానులు తల్లడిల్లారు. నిండైన గడ్డం, భారీ మనిషి, ఒపెరా గాయకుడిలా పొంగే స్వరం. 1972లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో ఒక పాట పద్దెనిమిది నిమిషాలకు పైగా సాగుతుంది. మూడు నిమిషాల పాటల కాలంలో అంతసేపు కూర్చొని వినమని అడిగిన సంగీతం అది. తీరిక చేసుకొని వినేవాడికే రుచి తెలిసే కళ కాబట్టి మన కథకు అది దూరపు చుట్టమే. ఒక్క తేడా ఉంది. వాళ్ల అభిమానికి ఆ పద్దెనిమిది నిమిషాలూ స్టూడియోలో బిగించినట్టు రికార్డులో దొరుకుతాయి. మన కథకుడి రాత్రి అంతా క్యాసెట్‌లో పట్టలేదు. ముప్పై నిమిషాలకు పక్క తిప్పాలి కాబట్టి వర్ణనలు తెగ్గోశారు. వంతతో మాటా మాటా పెంచుకునే సరదా, ఊరివాళ్ల పేర్లు కలిపే చమత్కారం, డోలు ఆగిన చోటి నిశ్శబ్దం, అన్నీ తగ్గిపోయాయి. సత్తయ్యను క్యాసెట్లో విన్నవాళ్లు ఆయన గొంతును విన్నారు. రాత్రంతా ముందు కూర్చున్నవాళ్లు ఆయన కథను విన్నారు.

ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, ఒగ్గు డోలు బాగానే బతుకుతోంది. బోనాలకు, ఊరేగింపులకు, సర్కారు సభలకు డోలు విన్యాసం లేకుండా నడవదు. కుర్రవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి డోలు వాయిస్తుంటే చూడముచ్చటగానే ఉంటుంది, వాళ్లకు నాలుగు పైసలూ దొరుకుతున్నాయి. అది సంతోషమే. కానీ కథ అడిగేవాళ్లు తగ్గారు. పట్నం వేయించే ఇళ్లలో కూడా పూజ అయిపోగానే కథను గంటకు కుదించి డీజే పెట్టడం కళ్లారా చూస్తున్నాం. గంట కథలో వంతకు పని ఉండదు. వంతకు పని లేకపోతే రేపటి కథకుడు తయారు కాడు. సత్తయ్య లాంటి మనిషి మళ్లీ పుట్టకపోవడానికి ప్రతిభ కరువు కారణం కాదు, రాత్రంతా కూర్చునే ఊళ్లు కరువవడం కారణం.

అందుకే బాల్కొండ, ఆర్మూర్ వైపు ఊళ్లకు నా విన్నపం. సత్తయ్యను, మొగిలయ్యను ప్రేమించినవాళ్లు వాళ్ల ఫొటోకు దండ వేసి ఆగిపోవద్దు. ఈసారి పసుపు అమ్మిన పైసలు చేతికొచ్చాక ఊరంతా చందా వేసుకొని ఒక మేళాన్ని పిలిపించండి. కథ మొత్తం చెప్పమనండి. మేళంలో ఎందరుంటే అందరికీ, తాళం పట్టిన పిల్లవాడితో సహా, సరైన కట్నం ఇవ్వండి. ఒక ఫోన్‌ను స్టాండు మీద పెట్టి మొదటి డోలు మోత నుంచి చివరి మంగళహారతి దాకా ఎక్కడా కోయకుండా రికార్డు చేయండి. గల్ఫ్‌లో ఉన్న మీవాళ్లకు పంపండి, ఆ ఖర్చులో వాళ్లూ భాగం పంచుకుంటారు. పిల్లలను నిద్రపొమ్మని ఇంటికి తోలకండి, ముందు వరుసలో కూర్చోబెట్టండి.